కొలిమి లేని గాజు: స్పంజిక ఎంజైమ్ చుట్టూ ఉన్న ఆశలు, చిక్కుముళ్లు

విశాఖ ఫిషింగ్ హార్బరులో బోట్లు వలలు దులిపేటప్పుడు చేపలు, రొయ్యలు, పీతలు వేరుచేశాక మిగిలిన చెత్తలో ఒక్కోసారి మెత్తని, రంధ్రాలున్న ముద్దలు కనిపిస్తాయి. వాటికి బేరం లేదు. చేత్తో నలిపితే వేళ్లకు కనిపించని ముళ్లు గుచ్చుకుని దురద పెడతాయి కాబట్టి వాటిని ముట్టుకునేవారూ తక్కువే. పాఠ్యపుస్తకాల్లో పొరిఫెరా వర్గం కింద మనం చదువుకున్న స్పంజికలు ఇవే. దురద పెట్టే ఆ ముళ్లను జంతుశాస్త్రంలో కంటకాలు అంటారు. చాలా స్పంజికల్లో ఆ కంటకాలు గాజుతో తయారవుతాయి. ఈ గాజును స్పంజిక చల్లని సముద్రపు నీటిలో, నిప్పు లేకుండా, ఘాటైన రసాయనం ఏదీ లేకుండా పోతపోసుకుంటుంది.

2024 డిసెంబరులో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ఫలితాన్ని ప్రకటించారు. స్పంజికలో గాజుకు కారణమైన సిలికాటీన్ అనే ప్రోటీన్ జన్యువును వారు ఈ.కోలి బ్యాక్టీరియాలో చేర్చగా, ఆ బ్యాక్టీరియా తన ఒంటిపై గాజులాంటి పూత వేసుకుని, వెలుతురును కేంద్రీకరించే అతి చిన్న కటకంలా పనిచేసింది. అప్పటి నుంచి ‘గాజు చేసే బ్యాక్టీరియా’, ‘కాలుష్యం లేని గాజు’ వంటి శీర్షికలు తరచూ కనిపిస్తున్నాయి. వీటిలో నిజం ఉంది. అయితే రెండు మూడు వేర్వేరు విషయాలు ఒకే మాటగా కలిసిపోయాయి. వాటిని విడదీసి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇసుక, గాజు, వరి ఆకు అంచు: సిలికా అంటే ఏమిటి

ఒక సిలికాన్ పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువుల నిష్పత్తిలో ఉండే పదార్థమే సిలికా. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో, రుషికొండ ఇసుకలో ఉన్న క్వార్ట్జ్ రేణువులు సిలికాయే, అయితే వాటిలో పరమాణువులు క్రమబద్ధమైన స్ఫటికంగా అమరి ఉంటాయి. స్పంజిక చేసే సిలికాకు ఆ క్రమం లేదు. అది నీటిని కొంత ఇముడ్చుకున్న అస్ఫటిక సిలికా. వరి ఆకు అంచు చేతిని కోయడానికి కారణం కూడా ఇదే రకం సిలికా. క్రషర్లలో, క్వారీల్లో పనిచేసేవారికి సిలికోసిస్ తెచ్చిపెట్టేది స్ఫటిక రూపంలోని సిలికా ధూళి కనుక, ‘సిలికా’ అనే పేరు వినగానే రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. కిటికీ అద్దం కూడా శుద్ధ సిలికా కాదు, అందులో సోడా, సున్నం కలుస్తాయి. ఈ వ్యాసంలో గాజు అన్నప్పుడల్లా అస్ఫటిక సిలికా అనే అర్థం తీసుకోవాలి.

ఇక నానో అనే మాట. మీటరులో వంద కోట్ల వంతు ఒక నానోమీటరు. పరిమాణం తగ్గితే ఏమవుతుందో చిన్న లెక్కతో చూద్దాం. ఒక గ్రాము సిలికాను ఒక మిల్లీమీటరు వ్యాసమున్న గుండ్లుగా చేస్తే వాటన్నిటి ఉపరితలం సుమారు 27 చదరపు సెంటీమీటర్లు, అంటే అరచేతిలో చిన్న భాగం. అదే గ్రామును 100 నానోమీటర్ల గుండ్లుగా చేస్తే ఉపరితలం సుమారు 27 చదరపు మీటర్లు, అంటే ఒక పెద్ద గది నేలంత. పదార్థం అదే, బరువు అదే, ఇతర పదార్థాలతో తాకిడి మాత్రం పది వేల రెట్లు పెరిగింది. ఆ గుండ్లలో సన్నని రంధ్రాలు కూడా ఉంటే గ్రాముకు వెయ్యి చదరపు మీటర్ల దాకా పోతుంది. ఔషధాన్ని రంధ్రాల్లో దాచి శరీరంలోకి పంపడం, ఉత్ప్రేరకాన్ని పట్టి ఉంచడం, టైరు రబ్బరును గట్టిపరచడం వంటి పనులన్నీ ఈ ఉపరితలం మీదే ఆధారపడతాయి. పరవాడ ఫార్మా సిటీ వంటి చోట్ల సిలికా కొత్త సరుకేమీ కాదు. మాత్రల పొడి యంత్రంలో గడ్డకట్టకుండా జారేందుకు కలిపే కొల్లాయిడల్ సిలికాన్ డయాక్సైడ్ పేరు చాలా మందుల పదార్థాల జాబితాల్లో కనిపిస్తుంది.

కర్మాగారంలో సిలికా: మూడు దారులు

మొదటిది, ఇసుకను సోడాతో కలిపి 1,300 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కరిగించి సోడియం సిలికేట్ చేసి, దాన్ని నీటిలో కరిగించి, ఆమ్లం పోసి, పాలను విరిచినట్టు సిలికాను పొడిగా విరగ్గొట్టడం. టైర్లలోకి, టూత్‌పేస్టులోకి పోయేది ఎక్కువగా ఇదే. రెండోది, సిలికాన్ టెట్రాక్లోరైడ్ ఆవిరిని మంటలో మండించి తేలికైన పొడి తీయడం. మందుల్లో వాడే కొల్లాయిడల్ రకం ఈ దారినే వస్తుంది.

మూడోది మన చర్చకు అతి ముఖ్యం. 1968లో స్టోబర్, ఫింక్, బోన్ అనే ముగ్గురు ప్రచురించిన ఈ పద్ధతిలో టెట్రాఇథాక్సీసిలేన్ (ఇకపై టీఈఓఎస్) అనే ద్రవాన్ని ఆల్కహాలు, నీరు, అమ్మోనియా మిశ్రమంలో కలుపుతారు. టీఈఓఎస్ అంటే ఒక సిలికాన్ పరమాణువును నాలుగు ఇథాక్సీ గుంపులు (ఇథనాల్ నుంచి వచ్చే ముక్కలు) పట్టుకుని ఉన్న అణువు. నీరు ఆ గుంపులను ఊడగొడుతుంది, ఊడిన చోట్ల అణువులు ఒకదానితో ఒకటి కలుస్తాయి, క్రమంగా ఒకే పరిమాణంలో గుండ్రని రేణువులు ఏర్పడతాయి. అమ్మోనియా ఈ ప్రక్రియను వేగవంతం చేసే ఉత్ప్రేరకం.

స్టోబర్ పద్ధతి కూడా గది ఉష్ణోగ్రతలోనే జరుగుతుందన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. కనుక ‘స్పంజిక ఎంజైమ్ వల్ల కొలిమి అవసరం లేకుండా పోయింది’ అనే వాక్యం నానో సిలికా విషయంలో సగం నిజమే. కొలిమి ఆ గది నుంచి ముందే వెళ్లిపోయింది. మిగిలింది అమ్మోనియా, ఆల్కహాలు. ఎంజైమ్ తొలగించగలదని చెప్పదగింది వాటినే.

సముద్రపు నీటి నుంచి ముల్లు దాకా

స్పంజికకు దొరికే ముడిసరుకు నీటిలో కరిగి ఉన్న సిలిసిక్ ఆమ్లం. సముద్ర ఉపరితల జలాల్లో చాలాచోట్ల ఇది లీటరుకు 10 మైక్రోమోల్ లేదా అంతకన్నా తక్కువ. 10 మైక్రోమోల్‌ను సిలికా లెక్కలోకి మార్చితే లీటరుకు 0.6 మిల్లీగ్రాము. అంటే ఒక గ్రాము ముళ్లు తయారవ్వాలంటే, నీటిలో ఉన్నదంతా చివరి కణం వరకు తీసుకున్నా, సుమారు 1,665 లీటర్ల నీరు స్పంజిక ఒంట్లోంచి పారాలి. నిజానికి అది నీటిలో ఉన్నదాంట్లో కొంత భాగమే తీసుకోగలదు కాబట్టి ఇంకా ఎక్కువే పారాలి. పగలూ రాత్రీ నీటిని తోడుతూ ఉండే జీవికి ఇది అసాధ్యం కాదు.

మరో చిక్కు ఉంది. తటస్థమైన నీటిలో అస్ఫటిక సిలికా లీటరుకు దాదాపు 120 మిల్లీగ్రాములు కరుగుతుంది. సముద్రపు నీటిలో ఉన్నది దానిలో రెండు వందల వంతు మాత్రమే. అంటే ఆ నీటిలో సిలికా తనంతట తాను గట్టిపడదు సరికదా, ఏర్పడిన ముల్లు సైతం మెల్లగా కరిగిపోవాలి. కాబట్టి స్పంజిక కణం సిలిసిక్ ఆమ్లాన్ని లోపల పొర కట్టిన ఒక చిన్న గదిలోకి చేర్చి, అక్కడ గాఢత పెంచుకోవాలి. గట్టిపడడం ఎక్కడ మొదలవ్వాలో, ఏ ఆకారంలో సాగాలో కూడా నిర్దేశించాలి.

ఆ నిర్దేశకుడు ఎవరో 1998లో తెలిసింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా కేంద్రంలో కట్సుహికో షిమిజు, జెన్నిఫర్ చా, గేలెన్ స్టకీ, డేనియల్ మోర్స్ బృందం టెథియా ఆరాంటియా అనే స్పంజికను తీసుకుంది. ఎండబెట్టిన ఈ జీవి బరువులో దాదాపు 75 శాతం గాజు ముళ్లే. ఒక్కో ముల్లు రెండు మిల్లీమీటర్ల పొడవు, మిల్లీమీటరును వంద భాగాలు చేస్తే అందులో మూడు భాగాలంత మందం. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గాజును కరిగించేస్తే, దీపంలో వత్తిలా మధ్యలో ఒక ప్రోటీన్ తంతువు మిగిలింది. అందులోని ప్రధాన ప్రోటీన్లకు వారు సిలికాటీన్ ఆల్ఫా, బీటా, గామా అని పేరు పెట్టారు.

జన్యు క్రమం చదివాక అందరినీ ఆశ్చర్యపరిచింది దాని చుట్టరికం. మాంసం త్వరగా ఉడకాలని మన ఇళ్లలో పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు. బొప్పాయి పాలలోని పపైన్ అనే ఎంజైమ్ మాంసపు ప్రోటీన్లను తుంచి మెత్తబరుస్తుంది. మన కణాల్లో పాత ప్రోటీన్లను తుంచే కాథెప్సిన్ ఎల్ కూడా ఆ కుటుంబానిదే. సిలికాటీన్ ఈ కాథెప్సిన్‌కు దగ్గరి చుట్టం. ప్రధానమైన తేడా పని జరిగే చోట ఉంది. కాథెప్సిన్‌లో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉన్న స్థానంలో సిలికాటీన్‌లో సెరీన్ ఉంది. తుంచే కత్తెరల వంశంలో పుట్టినది గాజు పేర్చే పనిలో స్థిరపడింది. పరిణామంలో పాత పనిముట్టు కొత్త పనికి మళ్లడం మామూలే అయినా, ఇంత దూరం మళ్లడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

మరుసటి ఏడాది, 1999లో, అదే బృందం ఆ తంతువులను టీఈఓఎస్ ద్రవంలో ఉంచింది. తటస్థ పీహెచ్ దగ్గర, గది ఉష్ణోగ్రతలో, అమ్మోనియా లేకుండానే తంతువు వెంట సిలికా పేరుకుంది. వేడితో ప్రోటీన్ ఆకృతిని చెడగొడితే ఆ పని ఆగిపోయింది.

ఎంజైమా, అచ్చా? ఇంకా సాగుతున్న వాదం

ఈ రంగంలో అసలైన చిక్కుముడి ఇక్కడ ఉంది. వార్తా కథనాలు సాధారణంగా దీన్ని దాటవేస్తాయి.

ఎంజైమ్ అని పిలవాలంటే, ఆ ప్రోటీన్ తనలోని ఒక నిర్దిష్ట స్థానంలో ఒక రసాయన చర్యను వేగవంతం చేస్తున్నదని చూపాలి. ఎంజైమ్ అన్నవారి దగ్గర గట్టి ఆధారమే ఉంది. ఇంతకు ముందు చెప్పిన సెరీన్‌ను, దానికి తోడుగా ఉండే హిస్టిడీన్ అనే అమైనో ఆమ్లాన్ని జన్యుమార్పిడితో వేరే అమైనో ఆమ్లంగా మార్చితే సిలికా తయారీ బాగా తగ్గిపోయింది. వారి వివరణ ప్రకారం సెరీన్ సిలికాన్ పరమాణువును పట్టుకుంటుంది, ఒక ఇథాక్సీ గుంపు ఊడిపోతుంది, ఆ చోటికి నీరు వస్తుంది. పపైన్ మాంసపు ప్రోటీన్‌ను తుంచే తీరుకు ఇది చాలా దగ్గరగా ఉంది.

సిలికాటీన్ ఎంజైమ్ కాదు, సిలికా పేరుకునేందుకు ఆసరా ఇచ్చే అచ్చు మాత్రమే అనే ఎదుటి పక్షం అడిగే ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది. సముద్రంలో టీఈఓఎస్ ఎక్కడుంది? స్పంజికకు దొరికే సిలిసిక్ ఆమ్లంలో ఊడగొట్టడానికి ఇథాక్సీ గుంపులే లేవు. అక్కడ మిగిలిన పని అణువులను కలపడం మాత్రమే, గాఢత చాలినంత ఉంటే అది తనంతట తానే సాగుతుంది. పైగా సిలిసిక్ ఆమ్లాన్ని గట్టిపరచేది సిలికాటీన్ ఒక్కటే కాదు. డయాటమ్ అనే సూక్ష్మ శైవలాల గాజు పెంకుల నుంచి వేరుచేసిన సిలాఫిన్లు అనే ప్రోటీన్లు, ధనావేశం గల పాలీఅమీన్లు అనే గొలుసు అణువులు, చివరికి కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ కూడా తగిన ద్రావణంలో సిలికాను అవక్షేపిస్తాయి. ఇవేవీ ఆ చర్యకు ప్రత్యేకంగా పుట్టిన ఎంజైమ్‌లు కావు. వాటి మీది ధనావేశాలు సిలిసిక్ ఆమ్లాన్ని దగ్గరకు చేరుస్తాయి, అంతే. కాబట్టి పరీక్షనాళికలో తెల్లని పొడి కనిపించినంత మాత్రాన ఎంజైమ్ పనిచేసిందని తేల్చలేము.

ఈ తేడా ఎంత ముఖ్యమో ఒక ఊహాత్మక ప్రయోగంతో చూద్దాం. మూడు నాళికల్లో టీఈఓఎస్ ఉంది. మొదటి దానిలో తటస్థ ద్రావణం మాత్రమే, రెండో దానిలో మరిగించి చెడగొట్టిన సిలికాటీన్, మూడో దానిలో చెడని సిలికాటీన్. మూడోదానిలో మాత్రమే సిలికా వస్తే ప్రోటీన్ మడతపడిన ఆకృతికి పాత్ర ఉందని తెలుస్తుంది. ఇప్పుడు ఇదే మూడు నాళికల్లో టీఈఓఎస్‌కు బదులు సిలిసిక్ ఆమ్లం పోద్దాం. గాఢత ఎక్కువగా ఉంటే మొదటి నాళికలోనే కాసేపటికి గడ్డకట్టడం మొదలవుతుంది, తేడా కనిపించే సమయం కుదించుకుపోతుంది. మొదటి ప్రయోగం ఊడగొట్టే పనిని కొలిచింది, రెండోది కలిపే పనిని కొలవబోయింది. రెండింటికీ ఒకే పేరు పెట్టి మాట్లాడడం వల్లే సగం వాదం పుట్టింది.

తరవాతి పరిశోధనలు రెండు పక్షాలకూ కొంత బలం ఇచ్చాయి. 2017లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయ బృందం, నీటిలో కరిగేలా తయారుచేసిన సిలికాటీన్ సిలికాన్–ఆక్సిజన్ బంధాలను తెంచగలదని, తగిన పరిస్థితుల్లో కలపగలదని చూపింది. అంటే ఎంజైమ్ గుణం ఉంది, అయితే వేగం మాత్రం మందకొడి. 2020లో టెథియా ముల్లు మధ్య తంతువును ఎక్స్‌కిరణాలతో పరిశీలించినప్పుడు, ప్రోటీన్ అణువులు స్ఫటికంలా క్రమమైన జాలకంగా పేర్చుకుని ఉన్నాయని, వాటి మధ్య ఖాళీల్లో సిలికా నిండి ఉందని తేలింది. ఇది అచ్చు అనే వాదనకు దగ్గరగా ఉంది. నా అంచనాలో ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. తాపీమేస్త్రి ఇటుక పేరుస్తాడు, పరంజా గోడ ఎక్కడ లేవాలో చూపుతుంది. సిలికాటీన్ ఈ రెండు పనుల్లో దేన్ని ఎంత చేస్తుందన్నదే తేలవలసిన లెక్క.

చిత్రం ఒకటి, కథనం మరొకటి

సిలికాటీన్ గురించిన కథనాల పక్కన తరచూ వాడే బొమ్మ ‘వీనస్ పూలబుట్ట’ అనే యూప్లెక్టెల్లాది. లోతు సముద్రాల్లో, తెల్లని లేసు అల్లికలా ఉండే ఆ స్పంజిక నిజంగానే అపురూపం. దాని గాజు పోగులు ఆప్టికల్ ఫైబర్‌లా వెలుతురును మోయగలవని 2003లో చూపారు. అయితే అది గాజు స్పంజికల తరగతికి చెందినది, టెథియా డెమోస్పంజియే తరగతిది. యూప్లెక్టెల్లా గాజులో 2015లో వేరుచేసిన ప్రోటీన్ పేరు గ్లాసిన్. అది సిలికాటీన్ వంశానిది కాదు. సున్నపు స్పంజికల ముళ్లలోనైతే సిలికా లేనేలేదు, ఉన్నది కాల్షియం కార్బొనేట్. కాబట్టి ‘స్పంజికలు సిలికాటీన్‌తో గాజు చేస్తాయి’ అని అన్నిటికీ కలిపి చెప్పడం తప్పు.

నాళికలో ముద్ద కట్టే ప్రోటీన్

ఎంజైమ్ కోసం స్పంజికలను సముద్రం నుంచి టన్నుల్లో తీయలేం, తీయకూడదు కూడా. అందుకే జన్యువును ఈ.కోలిలో పెట్టి ప్రోటీన్‌ను పెంచుతారు. ఇన్సులిన్‌తో మొదలై ఎన్నో ప్రోటీన్లు ఇలాగే వస్తున్నాయి. సిలికాటీన్ మాత్రం మొరాయిస్తుంది. బ్యాక్టీరియాలో పుట్టిన వెంటనే సరిగ్గా మడతపడక, ఒకదానికొకటి అంటుకుని, కరగని ముద్దలుగా మారుతుంది. ఆ ముద్దలను యూరియా వంటి వాటితో విప్పి, మళ్లీ మడిపించాలి, ఆ క్రమంలో ఎక్కువ భాగం పాడవుతుంది. కరిగే గుణం ఉన్న మరో ప్రోటీన్‌ను తోకలా తగిలించి ఈ ఇబ్బందిని కొంత తగ్గించారు.

ఒక్క సంగతి గమనించాలి. ఒకదానికొకటి అంటుకోవడం ప్రయోగశాలలో లోపమే, స్పంజికలో మాత్రం అదే గుణం. అలా అంటుకోబట్టే కదా ముల్లు మధ్య వత్తి తయారవుతోంది. రోచెస్టర్ బృందం ప్రోటీన్‌ను కణంలోంచి బయటికి తీసే ప్రయత్నమే మానుకుని, బ్యాక్టీరియా బయటి పొరలో ఉండే ఓఎంపీఏ అనే ప్రోటీన్‌కు దాన్ని జతచేసి అక్కడే పనిచేయించింది. శుద్ధిచేసే ఖర్చు ఆ విధంగా తప్పింది.

‘హరితం’ అనే మాటను తూకం వేస్తే

ఎంజైమ్ వాడినా చాలా ప్రయోగాల్లో ముడిసరుకు టీఈఓఎస్ వంటిదే. ఒక కిలో టీఈఓఎస్ పూర్తిగా చర్య జరిపితే సుమారు 173 గ్రాముల నీటిని వాడుకుని, 288 గ్రాముల సిలికాను, 884 గ్రాముల ఇథనాల్‌ను ఇస్తుంది. అంటే చేతికొచ్చే సరుకు కన్నా పక్కకు పోయే ఆల్కహాలు మూడు రెట్లు. అది ఎంజైమ్ వల్ల తగ్గదు, ఎందుకంటే ఆ ఇథనాల్ టీఈఓఎస్‌లోనే దాగి ఉంది. అంతకు ముందు అడుగులో, సిలికాన్ లోహాన్ని విద్యుత్ కొలిముల్లో 1,900 డిగ్రీల ప్రాంతంలో తీయాలి. దాన్నుంచే టీఈఓఎస్ పుడుతుంది. చివరి మెట్టు మీద చల్లగా ఉన్నంత మాత్రాన మెట్లన్నీ చల్లగా ఉన్నట్టు కాదు.

పోల్చడానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. వరి ఊకను కాల్చితే దాదాపు ఐదో వంతు బూడిద మిగులుతుంది, అందులో సాధారణంగా 85 శాతానికి పైగా సిలికాయే. వరి మొక్క కూడా నేలలోని సిలిసిక్ ఆమ్లాన్నే పీల్చి ఈ పని చేసిపెడుతుంది. వంద కిలోల ఊక నుంచి 17 కిలోలకు తగ్గకుండా సిలికా అన్నమాట. దాన్ని క్షారంలో కరిగించి, ఆమ్లంతో విరిచి నానో పరిమాణంలోకి తేవచ్చు. క్షారం, ఆమ్లం వాడక తప్పదు, సరే, ముడిసరుకు మాత్రం రైస్‌మిల్లు వెనక గుట్టగా పడి ఉంటుంది. టైర్లకో, కాంక్రీటుకో టన్నుల్లో కావలసిన సిలికా విషయంలో స్పంజిక ఎంజైమ్ ఊక బూడిదతో పోటీ పడగలదని నేను అనుకోను. ఊక నుంచి తీసిన సిలికేట్‌ను ఎంజైమ్‌కు ముడిసరుకుగా ఇవ్వడం సిద్ధాంతంగా బాగానే ఉంటుంది, కానీ అక్కడ మళ్లీ సిలిసిక్ ఆమ్లంపై సిలికాటీన్ నిజంగా ఏం చేస్తుందన్న పాత ప్రశ్నే ఎదురొస్తుంది.

అమ్మోనియా పెట్టలేని చోట

మరి దీని ఉపయోగం ఎక్కడ? అమ్మోనియాకు చచ్చిపోయేది ఏదైనా పక్కన ఉన్నచోట. ఎముక కణాల దగ్గర సిలికా పూత వేయాలంటే స్టోబర్ ద్రావణాన్ని పోయలేం. జర్మనీలోని మైంజ్‌లో వెర్నర్ ముల్లర్ బృందం సుబెరైటిస్ డొమన్‌కులా అనే స్పంజిక సిలికాటీన్‌తో ఈ దిశలో చాలా కాలం పనిచేసింది. ఔషధ తయారీలో వాడే సున్నితమైన ఎంజైమ్‌లను అవి చెడకుండా సిలికాలో పొదగడం మరో ఉపయోగం. బ్యాక్టీరియా కటకాల విషయంలోనూ అంతే. బ్యాక్టీరియా బతికి ఉండగానే దాని చుట్టూ గాజు ఏర్పడింది. సిలికాకే ఇది పరిమితం కాలేదు. టైటానియం డయాక్సైడ్‌ను, గాలియం ఆక్సైడ్‌ను కూడా సిలికాటీన్ తంతువులు తక్కువ వేడిలో పేర్చగలవని మోర్స్ బృందమే చూపింది. ఇలాంటి వాటికి కావలసింది టన్నులు కాదు, మిల్లీగ్రాములు. అంత కొద్ది పరిమాణానికి మందకొడి ఎంజైమ్ అయినా సరిపోతుంది.

హార్బరులో పారేసే ఆ ముద్దలో పనికొచ్చేది కూడా ముద్ద కాదు, దానిలోని జన్యు క్రమం. గోరంత ముక్క నుంచి దాన్ని చదివి, అక్షరాలుగా భద్రపరిస్తే, ఇక స్పంజికతో పనిలేకుండా ప్రపంచంలో ఎక్కడైనా ఆ జన్యువును కృత్రిమంగా తయారుచేసుకోవచ్చు. మన జీవ వైవిధ్య చట్టం 2002లో వచ్చింది. విదేశీ సంస్థలు ఇక్కడి జీవ వనరులను పరిశోధనకు తీసుకోవాలంటే జాతీయ జీవ వైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ఉండాలని అది చెబుతుంది. జీవి దేశం దాటకుండా క్రమం మాత్రమే కంప్యూటరులో దాటినప్పుడు లాభంలో ఎవరికెంత వాటా అన్న ప్రశ్న మీద దేశాలు ఏళ్ల తరబడి వాదులాడుకున్నాయి. 2024లో కొలంబియాలోని కాలి నగరంలో జరిగిన ఐక్యరాజ్యసమితి జీవ వైవిధ్య సదస్సులో, ఇలాంటి సమాచారంతో లాభపడే కంపెనీలు చందా ఇవ్వాల్సిన ఒక నిధికి అంగీకారం కుదిరింది. 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో ఆ నిధి మొదలైంది. చెల్లింపు మాత్రం ప్రస్తుతానికి కంపెనీల ఇష్టానికే వదిలేశారు.